కూచిపూడి, మొవ్వ: ఆడదాని మాట, మగవాడి జడ

మా పాప డాన్సు క్లాసులో మగపిల్లాడు ఒక్కడే. వాణ్ణి చూసి తల్లులం ముసిముసిగా నవ్వుకుంటాం. ఆ నవ్వు తప్పని మొన్న ఊరెళ్లినప్పుడు అనిపించింది.

గుడివాడ నుంచి పామర్రు మీదుగా వెళ్తే కూచిపూడి, దాని పక్కనే మొవ్వ. 17వ శతాబ్దంలో క్షేత్రయ్య పదాల్లో పిలిచిన మువ్వగోపాలుడు ఈ మొవ్వ గుడిలోని వేణుగోపాలస్వామే. రాసింది మగవాడైనా ఆ పదాల్లో మాట్లాడేది ఎక్కువగా ఆడదే. అలుగుతుంది, దెప్పుతుంది, వచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలబెడుతుంది. వాటిని తరతరాలు గొంతులో దాచింది కళావంతులే. 1947 మద్రాసు చట్టంతో దేవదాసీ పద్ధతి పోయింది, మంచిదే. పదాలు మిగిలాయి కానీ, పాడినవాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

కూచిపూడిలో ఇంకో విడ్డూరం. అగ్రహారం ఇళ్లలో ఆట మగపిల్లలకే నేర్పేవారు. సత్యభామ జడ వేసుకున్నదీ మగవాడే. ఆ వేషంలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారిది పెట్టింది పేరు. మరి ఆ ఇళ్ల ఆడపిల్లలు? వాళ్లకు గజ్జె లేదు. ఆ ఊరివారే వెంపటి చినసత్యం గారు మద్రాసు వెళ్లి, 1963లో అకాడమీ పెట్టి ఎందరో అమ్మాయిలకు నేర్పారు. ఇప్పుడు కూచిపూడిలోనూ ఆడపిల్లలు నేర్చుకుంటున్నారు.

"అప్పట్లో వాళ్లు ఏం చేసేవాళ్లు నానమ్మా?" అని మా పాప అడిగింది.

"తలుపు సందులోంచి చూసుంటార్లే" అన్నారు అత్తయ్య.