వీడియో ఎన్‌కోడింగ్: లైవ్ పెడితే ఫోన్ ఎందుకు వేడెక్కుతుంది? సెకనుకు 1,400 కోట్ల లెక్కలు ఎలా తగ్గిస్తారంటే..

ఫోన్‌లో కాసేపు లైవ్ పెడితే చాలు.. వెనక వైపు వేడెక్కుతుంది, బ్యాటరీ సర్రున దిగిపోతుంది. అదే ఫోన్‌లో సినిమా మొత్తం చూసినా అంత ఇబ్బంది ఉండదు. కెమెరా, నెట్ వాడకంతో పాటు దీనికి ఇంకో పెద్ద కారణం ఎన్‌కోడింగ్. అంటే, తీసిన వీడియోను అప్పటికప్పుడు కుదించడం. కుదించిన వీడియోను విప్పి చూపించడం కంటే ఇది చాలా బరువైన పని.

ఆ బరువంతా వెతుకులాటలోనే ఉంది. 1080పి వీడియోలో ఒక్కో ఫ్రేమ్‌ను 16×16 పిక్సెళ్ల గళ్లుగా కోస్తే 8,160 గళ్లు వస్తాయి. ప్రతి గడీ ముందు ఫ్రేమ్‌లో ఎక్కడుందో కనిపెట్టాలి. దొరికిందా, బొమ్మంతా మళ్లీ పంపక్కర్లేదు. ఎంత జరిగిందో చెప్పి, మిగిలిన తేడా పంపితే సరిపోతుంది. నాలుగు వైపులా 7 పిక్సెళ్ల దాకా వెతికినా 225 చోట్ల పోల్చి చూడాలి. ఒక్కో పోలికకు 256 తీసివేతలు. ఫ్రేమ్‌కు దాదాపు 47 కోట్లు, సెకనుకు 30 ఫ్రేములంటే 1,400 కోట్ల పైమాటే! టైమ్ చూస్తే ఫ్రేమ్‌కు 33 మిల్లీసెకన్లే.

అందుకే 225 చోట్లా వెతకరు. 1981లో జపాన్ పరిశోధకులు చెప్పిన 'మూడు అంచెల వెతుకులాట' పాతదే అయినా ఐడియా భలే సింపుల్. ముందు దూరదూరంగా 9 చోట్ల చూస్తారు. బాగా కలిసిన చోటు చుట్టూ ఇంకాస్త దగ్గరగా 8, ఆఖర్న ఆనుకుని మరో 8. మొత్తం 25 పోలికలే. 1,400 కోట్లు కాస్తా సుమారు 157 కోట్లకు దిగుతాయి. అయితే మొదటి అంచెలో తప్పు వైపు వెళ్తే అసలు చోటు దొరకదు. చిన్న చిన్న కదలికల దగ్గరే ఇది ఎక్కువగా తడబడుతుంది. తర్వాత వచ్చిన పద్ధతులు ఈ లోపాన్నే సరిచేస్తూ వచ్చాయి.

అసలు వెతకకుండా వదిలేయడం ఇంకా లాభం. న్యూస్ రీడర్ వెనకున్న గోడ కదలదు కదా, ఆ గళ్లను 'స్కిప్' చేస్తారు. కింద స్క్రోలింగ్ అంతా ఒకే వైపు పోతుంది కాబట్టి పక్క గడి కదలికనే ముందు ప్రయత్నిస్తారు.

2013లో వచ్చిన హెచ్‌ఈవీసీతో పని మరింత పెరిగింది. 64×64 గడిని నాలుగేసి ముక్కలుగా 8×8 దాకా కోయొచ్చు. అన్ని సైజులూ పరీక్షిస్తే ఒక్క గడికే 85 బ్లాకులు! ఆకాశంలాంటి సాదా భాగం కనిపించగానే కోత ఆపేయడం ఇక్కడి కిటుకు.

ఈ పొదుపు ఊరికే రాదు. వెతుకులాట తగ్గితే అదే క్వాలిటీకి డేటా ఎక్కువ ఖర్చవుతుంది. లైవ్ పెట్టినవాళ్ల బ్యాటరీ మిగిలినా, చూసేవాళ్ల డేటా ప్యాక్ కరుగుతుంది. డేటా పెంచకపోతే బొమ్మ గళ్లు గళ్లుగా పగులుతుంది. అందుకే ఎక్స్264 సాఫ్ట్‌వేర్‌లో అల్ట్రాఫాస్ట్ నుంచి ప్లాసిబో దాకా 10 స్పీడ్‌లు పెట్టారు. లైవ్‌కు వేగంవి, ఒకసారి కుదించి లక్షల మందికి చూపించే సినిమాకు నెమ్మదివి వాడటమే సరైన లెక్క.

ఫోన్లలో ఈ పని ఎక్కువగా చిప్‌లోని ప్రత్యేక భాగమే చేస్తుంది. యూట్యూబ్ అయితే సర్వర్ల కోసం సొంత ఎన్‌కోడింగ్ చిప్‌లే చేయించుకుంది. పాత ఏర్పాటు కంటే సామర్థ్యం 20 నుంచి 33 రెట్లు పెరిగిందని 2021లో ప్రకటించింది. చిప్‌లో లేని ఫార్మాట్ అయితే ప్రాసెసరే మోయాలి. ఏవీ1 వీడియో హాయిగా ప్లే చేసే ఫోన్లన్నీ ఏవీ1లో రికార్డ్ చేయలేకపోవడానికి కారణం ఇదే.