వీరుల పటములు – వాని గిరాకియు, గుణమును



వీరుల కథలను బొమ్మలుగ వ్రాసి, వరుసగ జూపి, దానివలన జీవించుట లోకమున మిక్కిలి ప్రాతదైన వృత్తి. అట్టి బొమ్మలకు గిరాకి పెరుగుటయు, తరుగుటయు ప్రాతవే. తరిగినప్పుడెల్ల ఒకే వివాదము పుట్టుచుండును. “బొమ్మలో పస తగ్గినది, కథలో బిగువు తగ్గినది, అందుచేత కొనువారు పోయిరి” అని కొందరందురు. “కొనువారే వేరు వినోదములకు మరలిరి, అందుచేత వ్రాయువారికి ఓపిక తగ్గినది” అని మరికొందరందురు. నేడు మన కుకునూరుపల్లి వంటి యూళ్ళలో చదువుకొను పిల్లలు అమెరికా దేశపు వీరుల చిత్రకథలను, వానినిబట్టి తీసిన సినిమాలను గూర్చి చేయు వాదమిదియే. అది విని నవ్వుకొను పెద్దలు చేర్యాల పటములను గూర్చియు, చందమామ పత్రికను గూర్చియు తాము చేయు వాదము కూడ ఇదియే యని గ్రహింపవలెను.

ఈ రెండు పక్షములలో ఏది న్యాయమో తెలియుటకు మూడు చరిత్రలను మీ ముందుంచెదను. మొదటిది మన పొరుగున నడచినది. రెండవది సముద్రముల కావల నడచినది. మూడవది మన యిండ్లలోనే నడచినది.

చేర్యాల మన యూరికి తూర్పున, కొమురవెల్లి కావల నున్నది. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదైన ఆ యూరు 2016 సంవత్సరమున సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు దీనిలో చేరినది. అచ్చట పటములు వ్రాయువారిని నకాషీవారందురు. చిత్రమను నర్థముగల “నక్ష్” అను అరబ్బీ మాటనుండి ఆ పేరు వచ్చినది. తెలంగాణమున ఇట్టి పటములు 17వ శతాబ్ది నాటికే యుండెను. ఖాదీబట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూసి యారబెట్టి, దానిపై ఎఱ్ఱని నేల పరచి, బొమ్మలు దిద్దెడివారు. దీపపు మసినుండి నలుపును, గవ్వలనుండి తెలుపును, ఇంగిలీకమునుండి ఎరుపును, నీలిమందునుండి నీలమును తీసెడివారు. ఉడుత వెంట్రుకలతో కుంచెలు కట్టెడివారు. పటము వెడల్పు సుమారు 3 అడుగులు. నిడివి 40 అడుగులకు మించియు నుండెడిది. దానిని వ్రేలాడగట్టి, చుట్ట విప్పుచు, ఒక్కొక్క వరుసను జూపుచు, రాత్రుల తరబడి కథ చెప్పెడివారు.

ఈ పటములలోని వీరులు ఒక్కొక్క కులమునకు మూలపురుషులు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును, భావనాఋషి కథను చెప్పుదురు. పులి నెక్కి తిరిగిన ఆ ఋషి కాలవాసురుడను రాక్షసుని గూల్చిన ఘట్టమునకు నేతవారి పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చుండెడివారు. గొల్లలకు మందహెచ్చులవారు కాటమరాజు కథను చెప్పుదురు; పుల్లరి యను మేతపన్నుకై నెల్లూరి ప్రభువుతో పోరిన వీరుడాతడు. గౌడులకు గౌడజెట్టివారును, ముదిరాజులకు కాకిపడగలవారును, మాదిగలకు డక్కలివారును, చాకలివారికి పటమువారును కథకులు. ఏ కథకుడు ఏ యూళ్ళకు పోవలెనో, ఆ యూరి కులము వానికి ఏమి ఈయవలెనో, అంతయు మిరాసీగ నిర్ణయమై యుండెను.

ఇచ్చట నొక్క సంగతిని మీరు గమనింపవలెనని కోరెదను. పటము వ్రాయువాడు వేరు, చెప్పువాడు వేరు, వినువాడు వేరు. కాని కథ మువ్వురకును తెలియును. నకాషీ భావనాఋషిని వ్రాసి పులిని మరచినచో కథకుడు ఆ పటమును గైకొనడు. కథకుడు కాలవాసురుని యుద్ధమును దాటవేసినచో నేతపెద్దలు వాని నచ్చటనే నిలుపుదురు. కావున గుణమును కాపాడినది నకాషీ నేర్పు మాత్రమే కాదు. తెలిసి వినెడి వాని చెవి కూడ దానిని కాపాడినది. వాడి వాడి చినిగిన పటమును పారవేయక, పోయిన పెద్దకు చేసినట్లు శాస్త్రోక్తముగ ఏట కలిపి, క్రొత్త పటమునకు చెప్పుకొనెడివారు. పటము అరిగినప్పుడే నకాషీకి మరల పని దొరకెడిది. అరుగుటయే దాని గిరాకికి మూలము.

ఈ కట్టు 20వ శతాబ్దమున సడలినది. సినిమాలు వచ్చినవి, పిదప టెలివిజను వచ్చినది. అంతకంటె పెద్దదెబ్బ వేరొకటి గలదు. మగ్గము కూడు పెట్టనందున మన ప్రాంతపు నేతవారు షోలాపురమునకును, భీవండికిని, సూరతునకును వలసపోయిరి. ఊరిలో వినువారు లేనిచో కూనపులివాడు ఎవరికి చెప్పును? వాడు చెప్పనిచో పటమరుగదు. పట మరుగనిచో నకాషీ ఎవరికి వ్రాయును? 1970ల నాటికి చేర్యాలలో ఈ పని చేయు కుటుంబములు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలినవి.

అప్పుడు హైదరాబాదునందలి జగదీశ్ మిత్తల్ వంటి కళాభిజ్ఞులును, ప్రభుత్వ హస్తకళాసంస్థలును పూనుకొని ఆ కుటుంబములకు క్రొత్త దారి చూపిరి. 40 అడుగుల పటము చిన్న చిన్న పటములైనది. గోడకు తగిలించుటకు ఒకటి రెండు ఘట్టములు చాలును. కొందరు వీరులను విడిచి, కల్లుగీత, బోనాలు, పొలముపనులు వ్రాయసాగిరి. రంపపుపొట్టు, చింతగింజల అంబలి కలిపి చేయు ముసుగులు విరివిగ అమ్ముడుపోయినవి. రాతిరంగులకు మారుగ అంగడిరంగులు వచ్చినవి. చేర్యాల చిత్రములకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ధనాలకోటవారి వంటి కుటుంబములు ఈ విద్యను నేటికిని నిలుపుకొని, ఇతరులకు నేర్పుచున్నవి. వారిని తప్పుపట్టుట అన్యాయము. కుంచె బ్రతికినది వారివలననే. కాని గోడపటమును కొన్నవాడు “పులి ఏదీ?” యని యడుగడు. వానికి ఎరుపు అందముగ నున్న చాలును. కుంచె నిలిచినది, కుంచెను ప్రశ్నించెడి చెవి లేకపోయినది.

రెండవ చరిత్రకు వత్తము. అమెరికాలో జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను నిరువురు యువకులు సృష్టించిన “సూపర్‌మాన్” అను వీరుడు 1938 సంవత్సరపు జూను సంచికగా వచ్చిన “యాక్షన్ కామిక్స్” మొదటి పుస్తకమున తొలుత కనబడెను. ఆ వీరునిపై గల హక్కు నంతయు వారు 130 డాలర్లకు అమ్ముకొనిరి. పుస్తకము వెల 10 సెంట్లు, అనగా డాలరులో పదవవంతు. పిల్లలు వానిని చదివి, చేతులు మార్చి, చింపి పారవేసిరి. అందుచేత మిగిలిన ప్రతులు అరుదై, కాలక్రమమున వాని వెల విపరీతముగ పెరిగెను. 2014 సంవత్సరమున ఆ మొదటి పుస్తకపు ప్రతి యొకటి 32 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను.

ఈ ధరలను జూచి జనులకు దురాశ పుట్టెను. 1980ల చివరనుండి వేలాదిమంది చదువుటకు గాక దాచుటకు క్రొత్త పుస్తకములను కొనసాగిరి. ప్రకాశకులు దానిని కనిపెట్టి, ఒకే పుస్తకమును అనేకములైన అట్టలతో వేసిరి. 1991 సంవత్సరమున “ఎక్స్‌మెన్” అను క్రొత్త వరుస మొదటి పుస్తకము అంగళ్ళకు 80 లక్షల ప్రతులకు మించి పోయెను. 1992 సంవత్సరమున సూపర్‌మాన్ మరణించినట్లు వ్రాసిన సంచికను నల్లని సంచిలో మూసి అమ్మిరి. కొన్నవారనేకులు ఆ సంచిని విప్పనైన విప్పలేదు. అందరును దాచినందున అది యెవరికిని అరుదు కాలేదు. అరుదు కానందున వెల రాలేదు. దాచువారు ఒక్కుమ్మడిగ తప్పుకొనిరి. కథలకొరకు కొనువారు మునుపే విసిగి యుండిరి. చిత్రకథల అంగళ్ళు అసంఖ్యాకముగ మూతబడెను. 1996 సంవత్సరము డిసెంబరులో మార్వెల్ అను పెద్ద సంస్థ దివాలా దరఖాస్తు పెట్టుకొనెను.

తరువాత ఆ సంస్థ సినిమాలవలన లేచినది. 2009 సంవత్సరమున డిస్నీవారు దానిని సుమారు 400 కోట్ల డాలర్లకు కొనిరి. 2019 సంవత్సరమున దాని సినిమా యొకటి లోకమంతట 270 కోట్ల డాలర్లకు మించి రాబట్టెను. 2023 సంవత్సరమున అదే సంస్థ వీరులతో వచ్చిన వేరొక సినిమా సుమారు 20 కోట్లతో సరిపెట్టుకొనెను. మన పిల్లల వాదమంతయు ఈ రెండు అంకెల నడుమ నున్నది. వారికి నేను చెప్పునది యేమనగా, ఎక్కువగ అమ్ముడుపోవుట గుణమునకు గుర్తు కాదు. 1991లో గిరాకి శిఖరమెక్కినప్పుడే పతనమునకు గొయ్యి త్రవ్వబడెను. కొనువాడు చదువువాడు కాకపోయిన దినమే ఆ యింటికి దూలము పుచ్చినది.

మూడవది చందమామ చరిత్ర. 1947 సంవత్సరము జూలైలో మద్రాసున నాగిరెడ్డి, చక్రపాణి గారలు దానిని తెలుగునను, తమిళమునను ప్రారంభించిరి. 1952 మొదలు 1980లో తాను మరణించువరకు కొడవటిగంటి కుటుంబరావుగారు దాని సంపాదకత్వపు భారమును వహించిరి. దాసరి సుబ్రహ్మణ్యముగారు సాహసవీరుల సీరియళ్ళు వ్రాసిరి. శవమును భుజముపై వేసికొని, కత్తి చేబూని నడచు విక్రమార్కుని శంకర్ గారు చిత్రించిరి. ఆ పత్రికను బడిపిల్లవాడు చదివెను, వాని తల్లి చదివెను, చదువురాని తాత చదివించుకొని వినెను. ఒక ప్రతి యొక వాడ అంతయు తిరిగి, అట్ట యూడి యిల్లు చేరెను. 1998లో పత్రిక ఆగినది. ఏడాది దాటిన పిదప మరల లేచినది. 2007లో ముంబయి సంస్థ యొకటి దానిని కొనినది. 2013 నాటికి అది పూర్తిగ నిలిచిపోయినది. పాతసంచికలను నేటికిని వెదకి చదువువారున్నారు. కనుక కథలయందు ప్రీతి చావలేదు. నెలనెల ఎదురుచూచి, బాగులేనిచో “బాగులేదు” అని ఉత్తరము వ్రాయు ఇల్లు మాత్రము తరిగిపోయినది.

“కాలము మారినది, టెలివిజను, ఫోనులు వచ్చినవి; దీనికి ఎవరేమి చేయగలరు?” అని మీరడుగవచ్చును. దానికి జవాబు కొమురవెల్లిలోనే గలదు. సంక్రాంతినుండి ఉగాదివరకు జరుగు మల్లన్న జాతరలో ఒగ్గుపూజారులు రంగుపొడులతో నేలపై పెద్దపట్నము వేయుదురు. ఒగ్గువారు మల్లన్న కథ పాడుదురు. అదియు వీరగాథయే, అదియు బొమ్మయే. దాని కాలమును అదే టెలివిజను, అదే ఫోను చుట్టుముట్టినవి. అయినను అది తరుగలేదు. ఏలయన ఆ పట్నమును ఎవరును కొని గోడకు తగిలింపలేరు. భక్తులు దానిని త్రొక్కుచు నడచినప్పుడే అది పూర్తియగును. వచ్చినవారికి ఆ కథ తెలియును, ఆ కథతో వారికి పని గలదు.

కావున నా నిర్ణయమిది. రెండు పక్షములవారును సగము నిజము చెప్పుచున్నారు. సరకు ముందు చెడలేదు. బేరము ముందు పోలేదు. చెప్పువానికిని, తెలిసి వినువానికిని నడుమనున్న త్రాడు ముందు తెగినది. తెగిన పిదప కొంతకాలము బేరము పెరిగినట్లు కనబడవచ్చును. కాని గుణమును నిలుపుటకు ఎవరును మిగులరు.

ఇచ్చట నొక న్యాయమును మరువరాదు. పాత మిరాసీ కట్టులో కథకుని బ్రతుకు సుఖమైనది కాదు. వాడు ఊరూర తిరిగి, ఇచ్చినది పుచ్చుకొని, పలుచోట్ల ఊరి బయటనే దిగవలసి యుండెను. డక్కలివారి స్థితి యెట్టిదో పెద్దలకు చెప్పనక్కరలేదు. వారి పిల్లలు బడికి పోయి వేరు ఉద్యోగములు చేసికొనుట వారి హక్కు. ఆ బీదతనమును మరల దెచ్చి పటమును బ్రతికింపవలెనని నేననను. కథ కావలెనన్నచో దానికి తగిన కూలి, తగిన గౌరవము ఊరు ఈయవలెను.

మన జిల్లాలో భావనాఋషి కథను, కాటమరాజు కథను ఘట్టము తప్పక ఎరిగినవారు నేడు మీ యీడువారే. మీ తరువాత “పులి ఏదీ?” యని అడుగువా డుండడు. కావున ఊరి యుత్సవమునకు వేయి రూపములుగ వ్యయము చేయునప్పుడు ఒక్కరాత్రి కథకుని పిలిపింపుడు, పూర్తికథ చెప్పుమనుడు, తప్పినచో ఆపుడు. చేర్యాలకు పోయి పటము కొన్నచో, ఇది యే ఘట్టము, దీని ముందేమి, వెనుకేమి యని వ్రాసినవానిని అడుగుడు. అడిగెడివాడున్నాడని తెలిసిన నకాషీ చేయి తానే జాగ్రత్తపడును. ఆ పటమును అద్దములో బిగించి దాచవలదు. మనుమల ముందు విప్పుడు. వ్రేలితో చూపి చెప్పుడు. అది మడతలయొద్ద అరిగి, రంగు రాలినను చింతింపవలదు. చేర్యాలకు పోయి మరియొకటి వ్రాయించుకొనవచ్చును.