వీరుని లోపము



ఈనాటి నా ప్రసంగమునకు విషయము వీరుల బలము కాదు, వారి లోపము. కథ చెప్పువారు వీరునకు ఎట్టి లోపమును కల్పించిరి, దాని నెచ్చట నుంచిరి, కాలక్రమమున నది యెట్లు చోటు మార్చుకొనెను అనునదే నేను విన్నవింపదలచినది. ఏ లోపమును లేని వీరుని కథ నిలువదు. కయ్యము మొదలు కాకముందే గెలుపు తెలిసిపోయినచో వినువాడు తుండుగుడ్డ దులుపుకొని లేచిపోవును.

మొదట దుర్యోధనుని తొడను తీసికొందము. గాంధారి కన్నులగంతలు విప్పి చూడగా కుమారుని దేహము వజ్రమయ్యెననియు, సిగ్గుచే అతడు కప్పుకొన్న తొడలు మాత్రము మెత్తగా మిగిలెననియు మన పల్లెలలో చెప్పుకొందురు. వ్యాసభారతమున నీ గాథ కానరాదు. అచ్చట కారణము వేరు. నిండుసభలో ద్రౌపదికి తొడ చూపినందున భీముడు దానిని విరిచెదనని ప్రతిన పట్టెను. పిమ్మట మైత్రేయమహర్షి హితము చెప్పుచుండగా దుర్యోధనుడు లెక్కచేయక తొడ చరచుకొనెను. ఆ మునియు తొడ విరుగునని శపించెను. కావున లోపము తొడలో లేదు, తొడ చూపిన మదములో నున్నది.

గ్రీకుల అకిలీసు కథయు నిట్టిదే. తల్లి యతనిని పసితనమున స్టిక్సు నదిలో ముంచెననియు, ఆమె పట్టుకొన్న మడమ తడియక పోవుటచే అదియే మర్మస్థాన మయ్యెననియు లోకప్రసిద్ధి. హోమరు రచించిన ఇలియడ్ కావ్యమున నా ముచ్చట లేదు. అందు అకిలీసు చేతికి ఈటె తగిలి నెత్తురు కారును. అతని లోపము కోపము. తన మానము చెడెనని యుద్ధము మాని డేరాలో కూర్చుండెను. తుదకు ప్రాణమిత్రుడు చచ్చెను. నదిలో ముంచిన కథ మనకు దొరకుచున్న గ్రంథములలో మొదట కనిపించునది క్రీస్తుశకము మొదటి శతాబ్దపు రోమక కవి స్టేషియసు కావ్యమున.

రెండు జాతుల కథకులును ఒకే త్రోవ నడచుట గమనింపుడు. మొదట గుణములో నుండిన లోపమును తరువాతివారు దేహములోనికి దించిరి. అందులకు కారణము లేకపోలేదు. మడమను, తొడను ఒక్క మాటలో చూపవచ్చును. మదమును, కోపమును చూపవలెనన్న వీరుని బ్రదుకంతయు చెప్పవలెను.

ఆధునికయుగమున లోపము దేహమును గూడ దాటిపోయెను. 1938వ సంవత్సరమున అమెరికా బొమ్మల పత్రికలో సూపర్‌మ్యాన్ అను మహాబలుడు వెలసెను. తుపాకిగుండ్లు వానినేమియు చేయలేవు. వానిని నిర్బలుని చేయు క్రిప్టొనైట్ అను రాయి 1943 జూన్‌లో రేడియో నాటకమున మొదట వినవచ్చి, 1949లో పత్రికలోనికి వచ్చెను. ఆ రాయి వాని జన్మగ్రహపు శకలము. దానిని దూరముగా పారవైచినచో వీరుడు మరల యథాపూర్వముగా లేచును. అపాయము తప్పును గాని వాని మనస్సునకు పరీక్ష లేదు.

ఈ కొరతను తీర్చు ప్రయత్నము ఒక ఆటలో జరిగినది. 1981లో జార్జి మెక్‌డొనాల్డు, స్టీవ్ పీటర్సను అనువారు అమెరికాలో ఛాంపియన్స్ అను ఆటను వెలువరించిరి. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుండి, ఒకరు కథ నడపుచుండగా తక్కినవారు తలకొక వీరుని పాత్ర వహించి, మాటలతోను పాచికలతోను ఆడుదురు. శక్తులన్నిటికి అంకెలలో వెల యుండును. వెల చాలనివాడు తన వీరునకు లోపములు చేర్చుకొని అదనపు అంకములు పొందవచ్చును. దేహలోపమేగాక ప్రతిజ్ఞ, భయము, వెంటాడు పగవాడు, కాపాడవలసిన ఆప్తుడు, ఇవన్నియు లోపములుగానే ఎంచబడును. పగవాని రాకకు మూడు పాచికలు వేయుదురు. ఎనిమిదికి మించకున్న వచ్చునని నిర్ణయించినచో 216 పాట్లలో 56 మార్లు వచ్చును. పదునొకటికి మించకున్న అనినచో 135 మార్లు. ఎంత తరచుగా బాధించునో లోపమునకు అంత వెల. బాధింపని లోపమునకు వెలయే లేదు. ఈ నియమము నాకు మిక్కిలి న్యాయముగా తోచుచున్నది.

ఈ తూనికతో కర్ణుని తూచి చూడుడు. అతని లోపము దాతృత్వము. సూర్యుడు ముందుగా హెచ్చరించినను, అడిగినవానికి లేదనక కవచకుండలముల నిచ్చెను. బదులుగా ఒక్కమారే పనికివచ్చు శక్తి లభించెను; అర్జునునికై దాచిన దానిని ఘటోత్కచునిపై వేయవలసివచ్చెను. పురుగు తొడను తొలుచుచున్నను గురువునకు నిద్రాభంగము కాకుండ ఓర్చెను. ఆ యోర్పే అతడు విప్రుడు కాడని బయలుపరచి శాపము తెచ్చెను. ఏ గుణముచే ఘనుడో ఆ గుణముచేతనే చెడెను. ఇంతకంటె చక్కని కూర్పు ఏ దేశపు కథలోనైన అరుదు.

ఈ విద్య మనకు దూరమైనది కాదు. హిందూపురము చెంత లేపాక్షిలో, అచ్యుతదేవరాయల కాలపు (1529–1542) ఆలయమండపమున, కిరాతార్జునీయము చిత్రింపబడి యున్నది. పాశుపతము కోరి వచ్చిన అర్జునుడు ఒక పంది కొరకు బోయవానితో కలహించి, ఓడి, గర్వము విడిచిన పిమ్మటనే అస్త్రము పొందెను. వీరుడు ఓడిన కథను దేవాలయమున నిలుపుటకు మన పూర్వులు సంకోచింపలేదు. కనగానపల్లి వారికి ఇరుగుపొరుగైన ధర్మవరము మండలమున, నిమ్మలకుంటలో, తోలుబొమ్మల కళాకారులు నేటికిని రామాయణ భారతములను తోలుపై తీర్చుచున్నారు. ఆ గ్రామమునకు చెందిన దలవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. ఆ ఆటలో రాజులు గంభీరముగా పలికిన వెంటనే జుట్టుపోలిగాడును బంగారక్కయు వచ్చి నవ్వించి పోవుదురు. ఎంతటి మొనగాడును నవ్వునకు అతీతుడు కాడని తెరయే చెప్పును.

పెద్దలారా, మీరు మనుమలకు భారతము చెప్పునపుడు గాని, మన ఊరి మొనగాండ్ర ముచ్చటలు చెప్పునపుడు గాని, బలముతో పాటు లోపమును, దానికి చెల్లించిన వెలను కూడ చెప్పుడు. ఎవడు ఎవని కొట్టెనో మాత్రమే విన్న బాలుడు కొట్టుటయే నేర్చును. మదమునకు తొడ విరిగెనని విన్నవాడు, తొడ చరుచుటకు ముందు ఒక్క క్షణము ఆగును.