సోమవరప్పాడు నుంచి ఒకరు, కొవ్వలి నుంచి ఒకరు

ఏలూరులో ఎండలు మొదలయ్యాయి, కరెంటు పోతుందేమోనన్న భయంతో ఈ ఎపిసోడ్ పొద్దున్నే రికార్డ్ చేస్తున్నా. మధ్యలో ఆటో హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి.

ఈ నెలలో నేను చూసిన సినిమాల గురించి మాట్లాడదాం అనుకున్నా. మూడు చూశా. ఒకటి కొత్తది, రెండు పాతవి. అయితే స్క్రిప్ట్ రాస్తున్నప్పుడు ఒక చోట ఆగిపోయా. ఎందుకో చెప్తా, ముందు కొత్త సినిమాతో మొదలుపెడదాం.

కొత్తదంటే మరీ కొత్తది కాదులెండి, 2023లో వచ్చిన 'దసరా'. నాని, కీర్తి సురేష్, డైరెక్టర్ శ్రీకాంత్ ఓదెల. హాల్లో ఒకసారి చూశా, మొన్న మళ్ళీ ఫోన్లో చూశా. ఎక్కడ చూశానంటే కొల్లేరు పక్కన, నా ఫ్రెండ్ వాళ్ళ చేపల చెరువు గట్టు మీద. రాత్రి తొమ్మిదింటికి మేత బస్తాల మీద కూర్చుని, ఏరియేటర్ల చప్పుడులో. సినిమా బొగ్గు గనుల ఊరి కథ. ఆ ఊళ్ళో 'సిల్క్ బార్' అని ఒకటుంటుంది, గోడ మీద సిల్క్ స్మిత పెద్ద బొమ్మ ఉంటుంది. నాని ఆ బొమ్మ ముందు కూర్చున్న పోస్టర్ మీకు గుర్తుండే ఉంటుంది.

ఆ సీన్ వచ్చినప్పుడు వెనకాల నిలబడి చూస్తున్న చెరువు కాపలా తాత అన్నాడు, "ఆ పిల్ల మా కొవ్వలిదేనండోయ్" అని. అంతే అన్నాడు. నా ఫ్రెండ్ నవ్వాడు. ఎందుకు నవ్వావురా అంటే, ఊరికే అన్నాడు.

సరే, ఆ నవ్వుని ఇక్కడ పెట్టి ముందుకెళ్దాం. మళ్ళీ దాని దగ్గరకే వస్తా.

రెండో సినిమా 'మిస్సమ్మ'. 1955 సంక్రాంతికి వచ్చింది. నా అభిప్రాయం అడిగితే, ఇప్పటి పిల్లలకి కూడా బోర్ కొట్టకుండా చూపించగలిగే పాత సినిమా ఇదొక్కటి చాలు. ఉద్యోగం లేని ఒక అబ్బాయి, ఉద్యోగం లేని ఒక అమ్మాయి, ఇద్దరి మతాలు వేరు. దంపతులకే ఉద్యోగం ఇస్తామన్న బడిలో మొగుడూపెళ్ళాలమని అబద్ధం చెప్పి చేరతారు. నిరుద్యోగం, మతం, అప్పులవాడి వేధింపు అన్నీ ఉన్నాయి, కానీ ఎవడూ లెక్చర్ ఇవ్వడు. మేరీ పాత్రకి ముందు భానుమతి గారిని తీసుకుని కొన్ని రీళ్ళు తీశాక, ఆవిడకీ నిర్మాత చక్రపాణి గారికీ మాట పడక ఆవిడ తప్పుకున్నారు. అలా సావిత్రి గారు వచ్చారు. ఆ కోపం, ఆ మూతి విరుపు చూస్తే ఇంకెవరు చేసినా ఇలా ఉండేది కాదేమో అనిపిస్తుంది.

ఇప్పుడు మన జిల్లా సంగతి. మిస్సమ్మ పేర్లు పడేటప్పుడు ఒకసారి ఆపి చూడండి. దర్శకత్వం ఎల్.వి. ప్రసాద్. ఆయనది ఏలూరు పక్కన సోమవరప్పాడు. జమీందారు వేషం వేసిన ఎస్.వి. రంగారావు గారు నూజివీడులో పుట్టారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చారు కదా, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది, కాబట్టి ఆయన కూడా మనవాడే అయిపోయారు. దేవయ్య వేషం వేసిన రేలంగి వెంకటరామయ్య గారు స్థిరపడింది తాడేపల్లిగూడెం. అక్కడ ఆయన కట్టించిన హాలు పేరే రేలంగి చిత్రమందిర్. ఒక హాస్యనటుడు తన పేరు మీద తన ఊళ్ళో సినిమా హాలు కట్టుకున్నాడంటే, ఆ రోజుల్లో కామెడీకి ఎంత విలువ ఉండేదో చూడండి. 1970లో పద్మశ్రీ కూడా వచ్చింది.

చిన్న సైడ్ పాయింట్. మిస్సమ్మలో జమీందారు గారిని చూస్తే యాభై ఏళ్ళ పెద్దమనిషి అనుకుంటాం. సినిమా వచ్చేటప్పటికి రంగారావు గారికి 36 ఏళ్ళు. ఆయన 1918లో పుట్టారు, హీరో ఎన్టీఆర్ గారు 1923లో. ఐదేళ్ళు తేడా! ఒకరు ఉద్యోగం వెతుక్కునే కుర్రాడు, ఒకరు పెళ్ళీడు కూతురున్న తండ్రి.

ఎల్.వి. ప్రసాద్ గారి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పూర్తి పేరు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. 1907 జనవరి 17న పుట్టారు. చదువు మీద పెద్ద ధ్యాస లేదు, ఊళ్ళోకి వచ్చే నాటకాల వాళ్ళ వెనక తిరగడం, ఏలూరులో టెంట్లు వేసి ఆడించే మూకీ బొమ్మలు చూడటం. అప్పుల్లో తండ్రి దివాళా తీశారు. అప్పటికే పెళ్ళయింది. 1930లో, ఇరవై మూడేళ్ళ వయసులో, జేబులో వంద రూపాయలతో ఇంట్లో చెప్పకుండా బొంబాయి వెళ్ళిపోయారు. అక్కడ స్టూడియోలో చిల్లర పనులు చేశారు, సినిమా హాల్లో గేట్ కీపర్‌గా కూడా నిలబడ్డారు.

తర్వాత జరిగింది మామూలు అదృష్టం కాదు. 1931లో మన దేశపు మొదటి టాకీ 'ఆలం ఆరా'లో చిన్న వేషం. అదే ఏడాది తమిళ పాత్రలున్న మొదటి టాకీ 'కాళిదాస్'లో వేషం. 1932లో తెలుగు మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'లో చండామార్కుల దగ్గర చదివే మొద్దు శిష్యుడి వేషం. మూడు భాషల మొదటి మాటల సినిమాల్లోనూ ఒకే మనిషి కనిపించడం అంటే ఆలోచించండి. బాధ ఏంటంటే ఆలం ఆరా ప్రింటు ఒక్కటి కూడా మిగల్లేదు. మన సోమవరప్పాడు ఆయన అందులో ఎలా కనిపించారో మనం చూడలేం.

1949లో ఆయన తీసిన 'మనదేశం' ఎన్టీఆర్ గారి మొదటి సినిమా, పోలీసు ఇన్‌స్పెక్టర్ వేషం. నిర్మాత సి. కృష్ణవేణి గారు, ఆవిడ భర్త మీర్జాపురం రాజా. మీర్జాపురం కూడా నూజివీడు పక్కనే. తర్వాత షావుకారు, పెళ్ళిచేసి చూడు, మిస్సమ్మ, అప్పుచేసి పప్పుకూడు, హిందీలో ఛోటీ బహన్. 1981లో నిర్మాతగా 'ఏక్ దూజే కే లియే'. 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు. హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రి ఆయన పేరు మీదే. 2006లో తపాలా బిళ్ళ వచ్చింది. 2018లో 'మహానటి' తీసినప్పుడు అవసరాల శ్రీనివాస్ ఆయన వేషం వేశారు, ఎంత మర్యాదగా చూపించారో మీరంతా చూశారు.

ఇక్కడే నేను ఆగిపోయింది.

నా స్క్రిప్ట్ నేనే చదువుకుంటుంటే ఒకటి కనిపించింది. ప్రసాద్ గారు, రంగారావు గారు, రేలంగి గారు, సావిత్రి గారు అని రాశా. అదే కాగితం మీద పైన "సిల్క్ స్మిత పెద్ద బొమ్మ" అని రాశా. ఆవిడ గురించి నేను రాసిన మిగతా లైన్లలో కూడా "వెళ్ళింది, చేసింది, చనిపోయింది" అనే ఉన్నాయి. గారు లేదు. నేనేమీ కావాలని రాయలేదు, చెయ్యి అలా పోయింది. మా ఇంట్లో టీవీ ముందు చిన్నప్పటి నుంచి విన్నది అదే కదా. ఇందాక నా ఫ్రెండ్ నవ్విన నవ్వు, నా చెయ్యి రాసిన రాత, రెండూ ఒకటే.

సోమవరప్పాడు, కొవ్వలి రెండూ ఒకే మండలం, దెందులూరు. బండి మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అరగంట కూడా పట్టదు. స్మిత గారి అసలు పేరు విజయలక్ష్మి. 1960 డిసెంబర్ 2న పుట్టారు. నాలుగో తరగతి దగ్గర చదువు ఆగిపోయింది. చిన్న వయసులో పెళ్ళి చేశారు, ఆ ఇంట్లో పడలేక మద్రాసు వెళ్ళిపోయారు. ప్రసాద్ గారు అప్పుల ఇంటి నుంచి, ఈవిడ ఆ పెళ్ళి నుంచి. ఆయన గేటు దగ్గర నిలబడ్డారు, ఈవిడ ఒక నటికి టచప్ చేసే పనిలో చేరారు. ఆయన వెళ్ళిపోయిన కథ చెప్పేటప్పుడు మనం "పట్టుదల" అంటాం. ఈవిడ కథకి మన నోట్లో ఏ మాట వస్తుందో మీకూ తెలుసు.

1980లో 'వండిచక్కరం' అనే తమిళ సినిమాలో నటుడు, రచయిత విను చక్రవర్తి ఆవిడకి వేషం ఇప్పించారు. అందులో సారా కొట్టు అమ్మాయి పాత్ర పేరు సిల్క్. ఆ పాత్ర పేరే జీవితాంతం అంటుకుపోయింది. 450 దాకా సినిమాలు చేశారని చెబుతారు. హీరో ఎవరైనా, ఆవిడ పాట ఒకటి ఉంటేనే కొనేవాళ్ళు ముందుకొచ్చే కాలం అది. 1996 సెప్టెంబర్ 23న మద్రాసులో ఆవిడ ఇంట్లోనే చనిపోయారు. వయసు 35.

2011లో హిందీలో 'ది డర్టీ పిక్చర్' వచ్చింది. విద్యాబాలన్ గారికి జాతీయ అవార్డు తెచ్చింది. నటన నాకూ నచ్చింది. కానీ రిలీజ్ చేసిన రోజు చూడండి, డిసెంబర్ 2. ఆవిడ పుట్టినరోజు. ఇది అచ్చంగా ఆవిడ జీవితకథ కాదని ఒకపక్క చెబుతూ, పుట్టినరోజు మాత్రం వాడుకున్నారు. పైగా ఆ టైటిల్! అందులో హీరోయిన్‌ది తమిళ పల్లె, కొవ్వలి ఎక్కడా లేదు. మహానటికి దొరికిన మర్యాద ఇక్కడ దొరకలేదు అనేది నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు.

అందుకే మూడో సినిమా చూశా. 'సీతాకోకచిలక', 1981. భారతీరాజా గారి దర్శకత్వం, ఇళయరాజా గారి సంగీతం, జంధ్యాల గారి మాటలు, ఏడిద నాగేశ్వరరావు గారి నిర్మాణం. కార్తీక్, అరుణ హీరోహీరోయిన్లు, చిన్నపిల్లాడిగా ఆలీ గారు అదరగొట్టేశారు. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు. సముద్రం ఒడ్డున ఊరు, మతాలు వేరైన ఇద్దరు పిల్లల ప్రేమ. మిస్సమ్మలో నవ్వించిన విషయమే ఇక్కడ గుండె మీద కూర్చుంటుంది.

ఇందులో హీరోయిన్ అన్న శరత్‌బాబు, ఆయన భార్య స్మిత గారు. చీర కట్టుకుని, ఇంట్లో పనిచేసుకుంటూ తిరిగే వదిన. పేరు తెలియకుండా చూపిస్తే నేను గుర్తుపట్టేవాణ్ణి కాదేమో. మాటలు తక్కువ, కళ్ళతోనే చాలావరకు లాక్కొచ్చారు. భయపడే మొగుడి పక్కన నిలబడ్డ మనిషి భుజాలు ఎలా ఉంటాయో అలా నిలబడ్డారు. ఆవిడ కెరీర్ మొదలై అప్పటికి రెండేళ్ళే. మరుసటి ఏడాది 'వసంత కోకిల'లో మళ్ళీ పాట, మళ్ళీ అదే చూపు. ఆ తర్వాత సీతాకోకచిలకలో వదిన లాంటి వేషాలు ఎన్ని ఇచ్చారో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తప్పు ఆవిడ చేయలేదు, టికెట్ కొన్నది మనం. మా నాన్న తరం అనుకోండి, కానీ రీల్స్‌లో ఆ పాటల ముక్కలు ఫార్వర్డ్ చేస్తున్నది మాత్రం మన తరమే.

సినిమాలో లోపాలు కూడా చెప్పాలి కదా. రెండో సగం సాగింది. పెద్దవాళ్ళ పాత్రలు కొన్ని అతిగా అరుస్తాయి. మిస్సమ్మకి ఉన్న తేలిక దీనికి లేదు. పదికి నేను మిస్సమ్మకి తొమ్మిది, దీనికి ఏడున్నర, దసరాకి ఏడు ఇస్తా.

పోయిన ఆదివారం సీతాకోకచిలక ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకుని మళ్ళీ చెరువు గట్టుకి వెళ్ళా. అక్కడ సిగ్నల్ అందదు. కాపలా తాతని పిలిచి పక్కన కూర్చోబెట్టా. ఎవరున్నారో చెప్పలేదు. వదిన వచ్చిన సీన్ అయిపోయింది, ఇంకో సీన్ కూడా అయిపోయింది, ఆయన మామూలుగా చూస్తున్నాడు. అప్పుడు నేనే చెప్పా, "తాతా, ఈవిడే మీ కొవ్వలి ఆవిడ" అని.

ఆయన ఫోన్ నా చేతిలోంచి తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఈవిడా?" అన్నాడు. కాసేపటికి, "కొంచెం వెనక్కి తిప్పండి బాబూ, మొదట్నించి చూద్దాం" అన్నాడు.

తిప్పా. నా ఫ్రెండ్ కూడా ఏరియేటర్ స్విచ్ చూసుకుని వచ్చి కూర్చున్నాడు. పూర్తయ్యేసరికి పన్నెండు దాటింది, దోమలు తినేశాయి.

వచ్చే ఎపిసోడ్‌లో రేలంగి గారి మీద మాట్లాడదాం, గూడెం వెళ్ళి వస్తా. ఉంటానండి.