చైనీస్ పఠనంలో కంటి కదలికలు, పద గుర్తింపు

చైనీస్ వాక్యాన్ని చదివేటప్పుడు కన్ను ఎక్కడ ఆగుతుంది, ఎంతసేపు ఆగుతుంది, అక్కడి నుంచి ఎంత దూరం గెంతుతుంది, ఈలోగా మెదడు పదాలను ఎలా పోల్చుకుంటుంది అన్నవి మనోభాషాశాస్త్రంలో విస్తృతంగా పరిశోధించిన ప్రశ్నలు. చైనీస్ రాతలో విరామ చిహ్నాలు ఉంటాయి గానీ పదానికీ పదానికీ నడుమ ఖాళీ ఉండదు. అందుకే ఈ ప్రశ్నలకు ఇంత ప్రాధాన్యం వచ్చింది.

చైనీస్ లిపిలో ప్రతి అక్షరమూ, గీతలు రెండున్నా ఇరవై ఉన్నా, ఒకే కొలత గల చదరంలో ఇముడుతుంది. దాన్ని ఒకే ఊపులో పలుకుతారు. చాలా అక్షరాలకు సొంత అర్థం కూడా ఉంటుంది. అయితే అక్షరమే పదం కాదు. 2008లో చైనాలో వెలువడిన వాడుక పదాల పట్టికలో 56,008 పదాలుంటే, వాటిలో 72 శాతం రెండక్షరాలవి, 6 శాతం మాత్రమే ఏకాక్షర పదాలు. ఏ అక్షరాన్ని పక్కదానితో జత కలపాలో, దేన్ని విడిగా ఉంచాలో చదువరే తేల్చుకోవాలి.

ఇందులోని చిక్కు చెప్పడానికి చైనాలో ఒక పాత హాస్యోక్తి ఉంది. నాన్‌జింగ్ నగరంలో 1968లో పూర్తయిన యాంగ్‌ట్సీ నది వంతెన పేరులో ఏడక్షరాలున్నాయి. మూడో అక్షరం తర్వాత విరిస్తే ‘నాన్‌జింగ్ నగర యాంగ్‌ట్సీ మహావంతెన’. నాలుగో అక్షరం తర్వాత విరిస్తే వంతెన మాయమై ‘నాన్‌జింగ్ మేయర్ జియాంగ్ దాచ్యావ్’ అనే లేని మనిషి పుట్టుకొస్తాడు. పైగా ఆ నాలుగో అక్షరం మొదటి విరుపులో ‘చాంగ్’, రెండో దానిలో ‘జాంగ్’. అంటే పదం తెలిసేదాకా ఉచ్చారణ కూడా తేలదు.

ఏ భాషలో చదివినా చూపు పంక్తి వెంట జారుతూ పోదు. కాసేపు ఆగి, ఒక్క గెంతు వేసి, మళ్లీ ఆగుతుంది. గెంతే క్షణంలో రాత నుంచి అందేదేమీ ఉండదు, చదువంతా ఆగినప్పుడే. ఒక్కో నిలుపు సుమారు పావు సెకను. ఇంగ్లిష్‌లో ఒక గెంతు ఏడు నుంచి తొమ్మిది అక్షరాలు దాటితే, చైనీస్‌లో రెండు మూడు అక్షరాలే. ఒక నిలుపులో చూపుకు అందే మేర కూడా అలాగే కురచ: 1998లో ఆల్బ్రెక్ట్ ఇన్‌హాఫ్, వైమిన్ ల్యూ కొలిచి చూస్తే ఎడమవైపు ఒక అక్షరం, కుడివైపు మూడు. ఇంగ్లిష్‌లో కుడివైపు 14, 15 అక్షరాల దాకా అందుతుంది. ఈ అంకెలు చూసి చైనీయులు నెమ్మదిగా చదువుతారనుకుంటే పొరపాటు. చైనీస్‌లో కొద్ది చోటులోనే ఎక్కువ విషయం ఇముడుతుంది. సైమన్ లివర్సెడ్జ్ బృందం ఒకే విషయాన్ని చైనీస్, ఇంగ్లిష్, ఫిన్నిష్ భాషల్లో చదివించి 2016లో ఫలితాలు ప్రకటించింది. కంటి నడక మూడింటిలోనూ వేరువేరుగా ఉన్నా, వాక్యం మొత్తానికి పట్టిన సమయంలో తేడా కనిపించలేదు.

మరి ఖాళీలు పెడితే చదవడం సులువవుతుందా? తియాన్‌జిన్ నార్మల్ యూనివర్సిటీకి చెందిన బై షుయెజున్ తదితరులు 2008లో దీన్ని పరీక్షించారు. మామూలు వాక్యాలు, పదాల మధ్య ఖాళీ ఉన్నవి, ప్రతి అక్షరం తర్వాతా ఖాళీ ఉన్నవి, పదాన్ని నడిమికి విరిచేలా తప్పు చోట ఖాళీ పెట్టినవి చదివించారు. చివరి రెండు రకాలూ చదువును దెబ్బతీశాయి. పదాల మధ్య ఖాళీ మాత్రం మేలూ చేయలేదు, కీడూ చేయలేదు. హద్దులు కనబడటం వల్ల వచ్చిన లాభాన్ని, ఎన్నడూ చూడని రూపం వల్ల వచ్చిన నష్టం తినేసిందని పరిశోధకుల వివరణ. పుట్టుకతో చైనీస్ రానివారికి మాత్రం ఖాళీలు సాయపడ్డాయని తర్వాతి అధ్యయనాలు చూపాయి. ఇంగ్లిష్‌లో ఖాళీలు తీసేస్తే వేగం బాగా పడిపోతుంది; అలవాటు బలం ఎంతటిదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ముందు పదాలుగా విడగొట్టి ఆ తర్వాత గుర్తుపడతామా, గుర్తుపట్టాకే విడగొడతామా అన్నది ఈ రంగంలో అసలు ప్రశ్న. ఈ రెండూ వేర్వేరు పనులు కావంటుంది లి షింగ్‌షాన్, కీత్ రేనర్, కైల్ కేవ్ 2009లో ప్రతిపాదించిన నమూనా. చూపుకు అందిన అక్షరాలతో ఏర్పడగల పదాలన్నీ ఒకేసారి మేల్కొని పోటీ పడతాయి. ఒకటి నెగ్గిన క్షణానే అది గుర్తింపూ అవుతుంది, దాని హద్దూ తేలుతుంది. ‘హువా’, ‘షెంగ్’, ‘జాంగ్’ అని మూడక్షరాలు వరుసగా ఉన్నాయనుకుందాం. మొదటి రెండూ కలిస్తే వేరుశనగ, చివరి రెండూ కలిస్తే పెరగడం. నడిమి అక్షరం కోసం రెండు పదాలూ పెనుగులాడతాయి. వాడుక ఎక్కువున్న పదానికి మొగ్గు ఉంటుంది. వాక్యం ముందుకు సాగాక ఆ తీర్పు పొసగకపోతే కన్ను వెనక్కి వచ్చి సరిచేసుకుంటుంది. 2020లో లి, అలెగ్జాండర్ పొలాట్సెక్ ఇదే నమూనాకు కంటి నడకను కూడా జోడించారు.

చూపు ఎక్కడ వాలుతుందన్న దానిపై వివాదం ఇంకా తెగలేదు. ఇంగ్లిష్‌లో కుడివైపు కనిపించే ఖాళీని బట్టి తర్వాతి పదం పొడవు ముందే తెలుస్తుంది కాబట్టి, కన్ను దాని మధ్యకు కాస్త ఎడమగా దిగుతుంది. చైనీస్‌లో ఆ ఆనవాలు లేదు. పదంలో ఒకే నిలుపు ఉంటే అది మధ్యలోనూ, ఎక్కువుంటే మొదటిది ఆరంభంలోనూ పడుతుందని 2010లో యాన్ మింగ్ బృందం చూపి, చైనీస్ చదువరీ పదాన్ని ముందే గురిపెట్టగలడంది. గురి లేకుండా గెంతినా లెక్కలో అదే తీరు వస్తుందని లి బృందం వాదన. ప్రస్తుత పదం ఎంత సులువైతే గెంతు అంత పొడవన్న వీరి వివరణే చైనీస్ రాత స్వభావానికి దగ్గరగా ఉంది.

అక్షరం కళ్లెదుట ఉన్నా, చదువును నడిపేది పదమేననడానికి ఇంకో ఆధారం: అరుదైన అక్షరం చూపును ఎక్కువసేపు నిలబెడుతుంది, కానీ అది బాగా వాడుకలో ఉన్న పదంలో భాగమైతే ఆ ఆలస్యం చాలామేరకు తగ్గిపోతుంది.