రాతిపై పేరులు, వస్త్రముపై పేరు

న్యూయార్కు నగరమునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున బట్లరు గ్రంథాలయమను గొప్ప భవనము కలదు. దాని ముఖభాగమున హోమరు, హెరొడోటసు, సోఫోక్లీసు, ప్లేటో మొదలగు ప్రాచీన పురుషుల పేరులు రాతిపై చెక్కబడియున్నవి. 2019వ సంవత్సరమున ఆ పేరులకు పైగా ఒక పెద్ద వస్త్రపతాకమును వ్రేలాడగట్టి, దానిపై రచయిత్రుల పేరులు వ్రాసిరి. మాయా ఏంజెలో, టోనీ మారిసన్ అనువారి సరసన అచ్చట ఎ. రేవతి యను పేరు కూడ నుండెను. ఈ రేవతిగారు తమిళదేశమున నామక్కల్ ప్రాంతపు పల్లెటూర మగబిడ్డగా పెంచబడి, తాను స్త్రీనని యెఱిగి, ఇల్లు విడిచి హిజ్రాలలో చేరి, తన జీవితకథను తానే వ్రాసిన రచయిత్రి. కళాశాల మెట్లెక్కని యామె పేరు అట్టి విద్యాపీఠమునకు చేరుటకు వెనుక నొక చరిత్రము కలదు. దానిని చదువరులకు నివేదింప దలచితిమి.

ఇట్టివారు లోకమున గలరని మన పూర్వు లెఱుగనిది కాదు. తృతీయాప్రకృతి యను పదము అమరకోశమునను, వాత్స్యాయనుని కామసూత్రములందును గానవచ్చును. అర్జునుడు బృహన్నలయై విరాటుని కొలువున ఉత్తరకు నాట్యము నేర్పిన కథ మన యిండ్లలో పిల్లలకు సయితము తెలియును. అయినను ఇవి యెల్ల ఇతరులు వారిని గూర్చి పలికిన పలుకులే కాని, వారు తమంతట తాము పలికినవి కావు.

హూణవిద్యతో గూడిన పరిపాలన వచ్చిన పిమ్మట వారిని గూర్చిన వ్రాత మఱింత పెరిగినది. కాని అది నేరస్థుల పట్టికలలోని వ్రాత. 1871వ సంవత్సరపు క్రిమినల్ ట్రైబ్స్ చట్టము రెండవ భాగమున వారిని ‘యూనక్కు’లని పేర్కొని, అనుమానితుల పేరులు పట్టికలో నెక్కింప నాజ్ఞాపించినది. హైదరాబాదు సంస్థానమున 1919లో, అనగా ఫసలీ 1329న, అట్టి చట్టమే పుట్టినది. పట్టికలో పేరు గలవారు స్త్రీవేషముతో వీథిలో కనబడినను, బహిరంగముగా ఆడి పాడినను, వారంటు లేకయే పట్టుకొని రెండేండ్లవఱకు చెఱసాలలో నుంచవచ్చునట! దొర లేగిరి, నిజాము ప్రభుత్వము గతించెను; చట్టము మాత్రము పుస్తకములలో నిలిచియే యుండెను. 2023వ సంవత్సరము జూలైలో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. నూటనాలుగేండ్లు ఒక చీరకట్టు నేరముగా వ్రాయబడి యుండెనని తలచినపుడు మన నాగరకతను గూర్చి మనకే సిగ్గు కలుగక మానదు.

ఈ వ్రాతను త్రిప్పివ్రాయు పని ఇటీవలనే యారంభమైనది. అమెరికాలో శాండీ స్టోన్ 1991లో ప్రకటించిన వ్యాసము, సూసన్ స్ట్రైకర్, స్టీఫెన్ విటిల్ అనువారు 2006లో కూర్చిన సంకలనము ఈ శాస్త్రమునకు పునాదులుగా నెన్నబడుచున్నవి. ఆ మువ్వురును స్వయముగా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులే. మన హైదరాబాదు హిజ్రాల నడుమ పరిశోధన మొనర్చి గాయత్రి రెడ్డిగారు 2005లో గ్రంథము వెలువరించిరి. జెస్సికా హించీ 2019లో ప్రకటించిన గ్రంథము 1871 నాటి చట్టపు చరిత్రమును సర్కారు దస్తావేజులనుండియే వెలికిదీసినది. పట్టిక వ్రాసినవాడు దాచినదానిని ఆ పట్టికలోనే చదువుట పాండిత్యము కాక మఱేమి?

రేవతిగారు మొదట తన కథను వ్రాయలేదు. 2004లో తమిళమున తనవంటివారి జీవితకథలను సేకరించి ప్రకటించిరి. స్వీయకథ 2010లో వి. గీతగారి ఆంగ్లానువాదముగా వెలువడినది. దానిని పి. సత్యవతిగారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’ యను పేర తెలుగు చేసిరి. ఆ యనువాదమునకు 2019వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారము లభించినది. తోబుట్టువుల దెబ్బలు, రక్షకభటుల హింస, గురువు ఇంటి ఆదరము, ఆ యింటి కట్టుబాట్ల కాఠిన్యము, ఇవి యన్నియు అందు దాపరికము లేక చెప్పబడినవి. తనవారి దోషములను గూడ కప్పిపుచ్చకుండుటయే ఆ గ్రంథమునకు ప్రామాణ్యము నిచ్చుచున్నది.

ఇట్టి పుస్తకములు గృహస్థుల యింట నుండదగునా యని కొందఱు శంకింతురు. మేమును ఒకనాడు అట్లే శంకించినవారము. తరగతిలో విరాటపర్వకథ చెప్పునపుడు బృహన్నల పేరు వినినంతనే పిల్లలు నవ్వెడివారు. మేమును చిరునవ్వుతో పాఠము సాగించెడివారము. ఆ నవ్వు ఏ మూల కూర్చున్న ఏ బిడ్డ గుండెలో ముల్లై నాటెనో యేనాడును విచారింపలేదు. రేవతిగారి గ్రంథము చదివిన రాత్రి ఆ తరగతులన్నియు మా కన్నులయెదుట నిలిచినవి. అట్టి బిడ్డ ఏ యింటనైనను పుట్టవచ్చును. ఆ యింటివారు ముందుగా ఈ పుస్తకము చదివియుండిరేని, ఆ బిడ్డ ఇల్లు విడువ నవసరము రాకపోవును.

కొలంబియాలోని పతాకము కొలదికాలమే యుండెను. రాతిపైని పేరులు శాశ్వతముగా నున్నవి. బిరుదులును పురస్కారములును వస్త్రముపై వ్రాసిన పేరులవంటివే. ఒక గ్రంథమును నిజముగా గౌరవించుట యనగా దానిని చదివి, ఇంట నలుగురితో మాటలాడి, నవ్వవలసిన చోటని యనుకొన్న చోట నవ్వక నిలుచుటయే. ఇంతమాత్రము మన యిండ్లలోను, మన పాఠశాలలలోను చేయజాలమా?