చెనిక్కాయల నెల, హాజరుపట్టీ

మా పెద్దమండ్యం వైపు పల్లెల్లో వానల మీద వేసిన చెనిక్కాయ దసరా దాటినాక చేతికొస్తుంది. నా చిన్నప్పుడు ఆ రోజుల్లో బడి సగం ఖాళీ. చెట్లు పెరకడానికి పెద్దోళ్ళు, కాయలు ఏరడానికి పిల్లోళ్ళు, చంటిబిడ్డను చూసుకోడానికి ఇంట్లో పెద్ద ఆడపిల్ల. మా పెద్దమ్మ కూతురు అయిదో తరగతిలో అట్లనే నెలన్నర బడికి పోలేదు. తిరిగి వచ్చేసరికి భాగహారాలు అయిపోయి భిన్నాలు నడుస్తున్నాయి. నాలుగు రోజులు వెనక వరసలో కూర్చుంది. అయిదో రోజు రాలేదు. ఇంట్లో ఎవరూ మానిపించలేదు, తానే మానేసింది.

ఇది 1990ల చివరి మాట. అప్పటికి పిల్లల్ని బడిలో నిలపడానికి కేంద్రం ఒక పథకం పెట్టి ఉంది. 1995 ఆగస్టు 15న మొదలైన ఆ పథకం కింద, 80 శాతం హాజరున్న పిల్లలకు నెలకు మూడు కిలోల ధాన్యం. మాకు బియ్యం ఇచ్చేవాళ్ళు. కాగితం మీద న్యాయంగానే కనిపిస్తుంది. కానీ పిల్లల్ని పనికి తీసుకుపోక తప్పని ఇల్లు ఏదో, ఆ నెల బియ్యం అందనిదీ ఆ ఇల్లే. అక్క వాళ్ళ ఇంటికి చదువూ పోయింది, బియ్యమూ పోయాయి.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, గింజలు కాదు, బడిలోనే వండిన అన్నం పెట్టమని రాష్ట్రాలను ఆదేశించింది. మన దగ్గర 2003 జనవరిలో మొదలైంది. వంట పని ఊళ్ళోని మహిళా సంఘాలకు ఇచ్చారు. నాకు ఇందులో నచ్చేది ఒకటుంది. అన్నానికి పాత హాజరుతో పని లేదు. ఈరోజు వచ్చినోడికి ఈరోజు అన్నం. నెల రోజులు రాని పిల్లను కూడా ఆ పళ్ళెం ఏమీ అడగదు.

ఆ తర్వాత డబ్బు వచ్చింది. 2020 జనవరి 9న అమ్మ ఒడి పథకాన్ని చిత్తూరులోనే ప్రారంభించారు. అప్పుడు మాది ఆ జిల్లానే. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా, ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు. దాదాపు 43 లక్షల మంది తల్లులు. 75 శాతం హాజరు నియమాన్ని మొదట్లో సడలించి, 2022లో అమలు చేశారు. 2025 జూన్‌లో తల్లికి వందనం పేరుతో ప్రతి బిడ్డకూ లెక్కగట్టారు. చేతికి 13,000, బడి నిర్వహణకు 2,000.

ఈ డబ్బును తేలిగ్గా తీసేసే మనిషిని కాదు నేను. అక్క పెద్దకొడుకు ఎనిమిదిలో ఆగకుండా పది దాటినాడంటే అందులో ఆ డబ్బు పాలుంది. కానీ 1995 నాటి హాజరు షరతే, బియ్యం బదులు బ్యాంకు ఖాతాలో, మళ్ళీ తిరిగొచ్చింది కదా అనిపిస్తుంది.

మరి బడి ఎట్లా నడవాలో చెప్పే హక్కు తల్లిదండ్రులకు లేదా? ఉంది. ప్రజల భాగస్వామ్యం కోసం ఉమ్మడి రాష్ట్రం 1998లోనే చట్టం చేసి, తల్లిదండ్రులు ఎన్నుకునే పాఠశాల కమిటీలు పెట్టింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలంది, సగం మంది ఆడవాళ్ళు ఉండాలంది. అక్క కూడా ఒక దఫా మెంబరు. ఒకే ఒక్కసారి నోరు తెరిచిందంట, సెలవులు కొన్ని చెనిక్కాయలు పెరికే వారానికి జరపమని. “అది పైనుంచి వస్తుందమ్మా” అన్నారంట.

“సంతకం పెట్టేదానికి పిలుస్తారు రా తమ్ముడూ, మాట చెప్పేదానికి కాదు” అంది నాతో.

విచిత్రం ఏమంటే, అక్క అడిగినదానికి ఒక జవాబు మా పక్కనే ఉంది. కురబలకోట మండలంలోని రిషి వ్యాలీ చుట్టూ ఉన్న చిన్న పల్లెల్లో, 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు ఏకోపాధ్యాయ బడులు మొదలుపెట్టారు. ఒకే గదిలో అన్ని తరగతులు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెనలాగా పేర్చారు. ఎవరి మెట్టు వాళ్ళది. పిల్ల నెల రోజులు పొలానికి పోయి వచ్చినా, తాను ఆపిన కార్డు దగ్గరే మళ్ళీ మొదలుపెడుతుంది. ఈ పద్ధతే కర్ణాటకలో నలి-కలికి, చెన్నై కార్పొరేషన్ బడుల్లో కృత్యాధార బోధనకు దారి చూపింది. అక్క చదివిన బడికి మాత్రం ఆ నిచ్చెన చేరలేదు.

లక్షల మందికి డబ్బు ఇవ్వడం కష్టమే, కానీ లెక్కకు అందే పని. వెనక వరసలో కూర్చున్న పిల్ల ఎక్కడ ఆగిందో కనుక్కోవడం ఏ లెక్కకూ అందదు. దానికి ఆ బడిలో మనిషే ఉండాలి, తల్లి మాట వినే మనిషి.

మొన్నటి చెనిక్కాయలప్పుడు అక్క చిన్నకొడుకు కూడా మూడు వారాలు బడికి పోలేదు. పంట ఇంటికి చేరినాక అక్కే వాణ్ణి వెంటబెట్టుకొని పోయింది. “ఈడు యాడ నిలబెట్నాడో ఆడ్నుంచే చెప్పండి సార్” అని అడిగిందంట. సారు కాదనలేదు. రెండు వారాలు, సాయంత్రం బడి వదిలినాక అరగంట కూర్చోబెట్టుకున్నాడంట. వాడిప్పుడు భిన్నాలు చేస్తున్నాడు.